అక్కడ తెరిచిన విండో ఇక్కడెందుకు రాదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది ఒకటే బాధ. దూరంగా ఉన్న లినక్స్ మెషీన్‌లో ప్రోగ్రామ్ నడుస్తుంది, దాని విండో మాత్రం మన ముందున్న స్క్రీన్ మీదికి రాదు. నాలుగింటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. ముందు మూడు పేర్లు: దూరపు మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ చేయించేది ఎస్‌ఎస్‌హెచ్, లినక్స్‌లో విండోల్ని స్క్రీన్ మీదికి తెచ్చే పాత ఏర్పాటు ఎక్స్, దాని చోట వచ్చిన కొత్తది వేలాండ్. కమాండ్లు పలికినట్టుగా తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం ముఖ్యమైన చోట ఆ మాట చెప్పాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. నేను విశాఖపట్నంలో రీసెర్చ్ స్కాలర్‌ని. నా లెక్కలన్నీ మా డిపార్ట్‌మెంట్‌లోని లినక్స్ మెషీన్ మీద నడుస్తాయి. హాస్టల్‌లో నా లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ బాగానే అవుతోంది. గ్రాఫ్ గీయమంటే మాత్రం ‘కాంట్ ఓపెన్ డిస్‌ప్లే: 192.168.1.24:0’ అంటోంది. ఆ నంబరు నా లాప్‌టాప్‌దే. సీనియర్ ఒకరు చెబితే ఆ అడ్రస్‌ని డిస్‌ప్లే వేరియబుల్‌కి ఇచ్చి, లాగిన్ అయినప్పుడల్లా నడిచే అక్కడి బాష్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టాను. లాప్‌టాప్‌లో ‘ఎక్స్‌హోస్ట్ ప్లస్’ కొట్టాను. ఫైర్‌వాల్ కూడా ఆపేశాను. మూడు రోజులైంది. వేలాండ్ వల్లే రావట్లేదా? పాత ఉబుంటు వేసుకోవాలా? సోమవారం గైడ్‌కి గ్రాఫ్‌లు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉబుంటు జోలికి వెళ్లకండి అమ్మా. వేలాండ్ తప్పేమీ లేదు. మీ లాప్‌టాప్‌లో ఎక్స్‌వేలాండ్ అని ఒకటి ఉంటుంది. ఎక్స్ పద్ధతిలో వచ్చే విండోల్ని అదే అందుకుని చూపిస్తుంది. ముందు మీరు చేసిన మూడు పనులూ వెనక్కి తీసుకోండి. ఫైర్‌వాల్ ఆన్ చేయండి. లాప్‌టాప్‌లో ‘ఎక్స్‌హోస్ట్ మైనస్’ కొట్టండి. డిపార్ట్‌మెంట్ మెషీన్‌లో బాష్‌ఆర్‌సీ తెరిచి ఆ డిస్‌ప్లే లైను తీసేయండి. తర్వాత పనికొస్తుందేమో అని కామెంట్‌గా కూడా ఉంచొద్దు, అది ఎప్పటికీ పనికిరాదు.

ఎందుకో చెబుతాను. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా ఉత్తరాల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

మామూలుగా సర్వర్ అంటే ఎక్కడో ఏసీ గదిలో ఉండే పెద్ద మెషీన్ అనుకుంటాం. ఎక్స్ విషయంలో అది తలకిందులు. స్క్రీన్, కీబోర్డు, మౌస్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే సర్వర్. అంటే మీ లాప్‌టాప్ సర్వర్, డిపార్ట్‌మెంట్‌లోని పెద్ద మెషీన్ మీద నడిచే గ్రాఫ్ ప్రోగ్రామ్ క్లయింట్. వంట అక్కడ, విస్తరి మీ ముందు. ‘డిస్‌ప్లే’ అనే వేరియబుల్ ఆ ప్రోగ్రామ్‌కి విస్తరి ఎక్కడ వేసి ఉందో చెప్పే చిరునామా. 1984లో అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఈ ఎక్స్ మొదలుపెట్టిన నాటి నుంచీ ఏర్పాటు ఇంతే. మనం ఇప్పటికీ వాడే 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ఒకే క్యాంపస్, ఒకే నెట్‌వర్క్, అందరూ తెలిసినవాళ్లే. అందుకే అప్పట్లో ‘ఫలానా మెషీన్, సున్నా నంబరు స్క్రీన్’ అని చిరునామా ఇచ్చేస్తే ప్రోగ్రామ్ నేరుగా నెట్‌వర్క్ మీద 6000 పోర్టుకి వచ్చి తలుపు తట్టేది.

మీ సీనియర్ చెప్పింది ఆ కాలపు పద్ధతి. అది ఇప్పుడు రెండు చోట్ల తెగిపోతుంది. ఒకటి, 192.168తో మొదలయ్యే అడ్రస్ మీ హాస్టల్ వైఫై లోపలిది. డిపార్ట్‌మెంట్ మెషీన్‌కి ఆ దారి తెలియదు. రెండు, దారి తెలిసి వచ్చినా ఇప్పటి లినక్స్‌లో ఎక్స్ ఆ 6000 పోర్టు మీద వినదు. ఎక్స్‌ని చూసుకునే ఎక్స్‌డాట్ఆర్గ్ వాళ్లు తమ సర్వర్ ప్రోగ్రామ్‌లో 2015లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి దాన్ని మామూలుగా మూసే ఉంచుతున్నారు. కాబట్టి ఫైర్‌వాల్ తీసేసినా వచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఇల్లు మాత్రం తెరిచిపెట్టినట్టయింది.

‘ఎక్స్‌హోస్ట్ ప్లస్’ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. దాని అర్థం ‘ఎవరొచ్చినా నా స్క్రీన్ వాడుకోవచ్చు’ అని. వాడుకోవడం అంటే విండో తెరవడం ఒక్కటే కాదు. కొట్టిన అక్షరాలు చదవొచ్చు, స్క్రీన్ ఫొటో తీసుకోవచ్చు. 2002లో నేనొక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకునేదాన్ని. ఎవరికో విండో రావట్లేదంటే నా మెషీన్‌లో ఈ కమాండే కొట్టి మర్చిపోయాను. మధ్యాహ్నం ఇంటర్నల్ మార్కులు ఎక్కిస్తున్నాను. మూడో వరసలో కూర్చున్న కుర్రాడొకడు వచ్చి, “మేడమ్, ఇది చూడండి” అని ఒక ప్రింటు నా ముందు పెట్టాడు. నా స్క్రీనే. మార్కుల పట్టీ, సగం కొట్టిన హాల్‌టికెట్ నంబరు, పక్కన నేను తెరిచిన మెయిలు, అన్నీ ఉన్నాయి. ‘ఎక్స్‌డబ్ల్యూడీ’ అనే చిన్న ప్రోగ్రామ్‌కి నా మెషీన్ పేరు ఇచ్చాడు, అంతే. మంచివాడు కాబట్టి ఆ కాగితం నా చేతికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ కమాండ్ నేను కొట్టలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు సరైన దారి. అసలు ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే ఇలాంటి దెబ్బ తగిలాక. 1995లో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్ మీద పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అది చూసి అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దీన్ని రాశారు. మీరు లాప్‌టాప్ నుంచి ‘ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ క్యాపిటల్ ఎక్స్’ అని లాగిన్ అయితే, అవతలి మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఒక ఉత్తుత్తి స్క్రీన్ నిలబెడుతుంది. దాని చిరునామా ‘లోకల్‌హోస్ట్:10.0’. గ్రాఫ్ ప్రోగ్రామ్ ఆ స్క్రీన్ పక్కనే ఉందనుకుని 6010 పోర్టుకి బొమ్మ పంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని మీరు లాగిన్ అయిన ఆ గొట్టంలోంచే లాప్‌టాప్‌కి తెస్తుంది. కొత్త పోర్టు తెరవాల్సిన పని లేదు, మీ అడ్రస్ అవతలికి తెలియాల్సిన పనీ లేదు. ఈ చిరునామాని ఎస్‌ఎస్‌హెచ్ తనే రాసిపెడుతుంది. మీ బాష్‌ఆర్‌సీ లైను దాని తర్వాత నడిచి, సరైన చిరునామా మీద తప్పు చిరునామా రాసేస్తోంది. మీ మూడు రోజులూ తినేసింది ఆ ఒక్క లైనే.

లైను తీసేశాక పూర్తిగా లాగౌట్ అయి, మళ్లీ మైనస్ క్యాపిటల్ ఎక్స్‌తో రండి. ‘ఎకో డాలర్ డిస్‌ప్లే’ కొట్టండి, డిస్‌ప్లే అన్నీ పెద్ద అక్షరాలే. లోకల్‌హోస్ట్:10.0 అనో 11.0 అనో వస్తే దారి పడినట్టే. వెంటనే గ్రాఫ్ ప్రోగ్రామ్ మీదికి ఉరకొద్దు. ‘ఎక్స్‌క్లాక్’ కొట్టండి. చిన్న గుండ్రటి గడియారం వస్తుంది. ఉబుంటులో ‘ఎక్స్11-యాప్స్’ ప్యాకేజీలో ఉంటుంది. గడియారం వచ్చి గ్రాఫ్ రాకపోతే తప్పు గ్రాఫ్ ప్రోగ్రామ్‌ది. గడియారమే రాకపోతే తప్పు దారిది. ఈ రెండూ కలిపి వెతికితే ఎప్పటికీ తేలదు.

ఈ జవాబు ఆమెకి ముందే మెయిల్‌లో పంపాను. రెండు రోజులకి మళ్లీ రాశారు: “మేడమ్, ఇప్పుడు లోకల్‌హోస్ట్:10.0 అనే వస్తోంది. కానీ లాగిన్ అవగానే ‘ఎక్స్‌ఆథ్: అనేబుల్ టు రైట్ అథారిటీ ఫైల్’ అని ఒక లైను పడుతోంది. ఎక్స్‌క్లాక్ కొడితే ‘ఎక్స్11 కనెక్షన్ రిజెక్టెడ్ బికాజ్ ఆఫ్ రాంగ్ అథెంటికేషన్’ అంటోంది. నేను పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను కదా?”

కొట్టారు. ఇది ఆ పాస్‌వర్డ్ గొడవ కాదు. ఆమె రెండు లైన్లూ అక్షరం పోకుండా రాసి పంపారు కాబట్టి జవాబు ఒక్క నిమిషంలో దొరికింది. మీరందరూ ఉత్తరం రాసేటప్పుడు ఇలాగే రాయండి. ‘ఏదో ఎర్రర్ వస్తోంది’ అంటే నేనేం చెప్పగలను?

ఎక్స్‌కి విండో పంపే ప్రతి ప్రోగ్రామూ ఒక టోకెన్ చూపించాలి. దాన్ని కుకీ అంటారు. లాగిన్ అయినప్పుడు ‘ఎక్స్‌ఆథ్’ అనే ప్రోగ్రామ్ ఆ టోకెన్‌ని అవతలి మెషీన్‌లోని మీ సొంత ఫోల్డర్ హోమ్‌లో, చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ అనే ఫైల్లో రాస్తుంది. ఆ ఫైల్ రాయలేకపోయానని మొదటి లైను చెబుతోంది. టోకెన్ లేకుండా వచ్చారని రెండో లైను వెనక్కి పంపుతోంది. ఎందుకు రాయలేకపోయింది? ‘కోటా మైనస్ ఎస్’ కొట్టి చూడమన్నాను. ఆమెకిచ్చిన 20 జీబీ అంచుదాకా నిండిపోయింది. ‘డీయూ మైనస్ ఎస్‌హెచ్’తో చూస్తే అందులో 11 జీబీ పైథాన్ ప్యాకేజీలు దించుకున్నప్పుడు పేరుకున్న క్యాష్. దాన్ని ఖాళీ చేసి మళ్లీ లాగిన్ అయ్యారు. శనివారం రాత్రి పదకొండింటికి ఒక ఫొటో పంపారు. లాప్‌టాప్ మూల మీద ఎక్స్‌క్లాక్, దాని వెనక ఆమె గ్రాఫ్.

హోమ్‌లో జాగా ఉండి కూడా ‘టైమౌట్ ఇన్ లాకింగ్ అథారిటీ ఫైల్’ అని వస్తే, పాత లాక్ ఫైలు మిగిలిపోయి ఉంటుంది. ఎక్స్‌అథారిటీ పేరు చివర మైనస్ సి, మైనస్ ఎల్ అని ఉన్నవి తీసేయండి. లేదంటే ఎప్పుడో సూడోతో ఏదో చేసినప్పుడు ఆ ఫైలు రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) పేరు మీదికి పోయి ఉంటుంది. ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ చూస్తే తెలిసిపోతుంది.

ఇక డిస్‌ప్లే అసలు ఖాళీగానే వచ్చేవాళ్లకి, లేదా ‘ఎక్స్11 ఫార్వర్డింగ్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ ఆన్ ఛానల్ 0’ అని పడేవాళ్లకి: అది అవతలి మెషీన్ ఒప్పుకోకపోవడం. అడ్మిన్‌ని అడగాల్సినవి మూడు. అవతలి ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైలైన ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ‘ఎక్స్11ఫార్వర్డింగ్ యస్’ ఉందా? ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ని రాసినవాళ్లు మామూలుగా దాన్ని ‘నో’ అనే పెట్టారు, డెబియన్, ఉబుంటు లాంటివాళ్లు ‘యస్’ చేసి ఇస్తారు. రెండోది, ఎక్స్‌ఆథ్ ప్యాకేజీ ఉందా? స్క్రీన్ లేని సర్వర్ల మీద చాలాసార్లు ఉండదు. మూడోది ఎవరికీ తోచదు. మెషీన్‌లో ఐపీవీ6 అనే కొత్త రకం నెట్‌వర్క్ అడ్రస్‌లు ఆపేసి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఉత్తుత్తి స్క్రీన్‌ని నిలబెట్టలేక వదిలేస్తుంది. అదే కాన్ఫిగ్‌లో ‘అడ్రస్‌ఫ్యామిలీ ఐనెట్’ అని ఒక లైను రాస్తే సరిపోతుంది. మార్చాక ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి’తో తప్పుల్లేవని చూసుకుని, ఒక లాగిన్ తెరిచే ఉంచుకుని, అప్పుడు రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: హనుమకొండ నుంచి రాస్తున్నాను మేడమ్. మా ఆఫీసు సర్వర్‌లో నా పేరుతో లాగిన్ అయితే ఎక్స్‌క్లాక్ వస్తుంది. డేటాబేస్ ఇన్‌స్టాలర్ నడపాలంటే ‘ఎస్‌యూ మైనస్’తో డేటాబేస్ యూజర్‌గా మారాలి. మారగానే విండో రాదు. అందరూ ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టమంటున్నారు.

జవాబు: కొట్టొద్దు. ఎందుకో పైనే చెప్పాను. పైగా అది మీకు ఉపయోగపడదు. మీ విండోలు ఎస్‌ఎస్‌హెచ్ గొట్టంలోంచి వస్తున్నాయి, అక్కడ టోకెన్ చూసేది ఎస్‌ఎస్‌హెచ్. ఎక్స్‌హోస్ట్ సంగతి దానికి పట్టదు.

టోకెన్ మీ పేరు మీద, మీ హోమ్‌లో ఉంది. మీరు ఇంకో యూజర్‌గా మారినప్పుడు అది మీతో రాదు. ‘ఎస్‌యూ మైనస్’ అంటే పాత వేరియబుల్స్ అన్నీ తుడిచేసి కొత్తగా మొదలవడం, కాబట్టి డిస్‌ప్లే కూడా పోతుంది. మారకముందు మీ పేరుతోనే ‘ఎకో డాలర్ డిస్‌ప్లే’ చూసి నంబరు రాసుకోండి. తర్వాత ‘ఎక్స్‌ఆథ్ లిస్ట్ డాలర్ డిస్‌ప్లే’ కొట్టండి. ఒక లైను వస్తుంది. మెషీన్ పేరు, పక్కన యునిక్స్:10, తర్వాత ఎంఐటీ మ్యాజిక్ కుకీ 1 అనే మాట, చివర 32 అక్షరాల పొడుగు సంఖ్య. ఆ లైను మొత్తం కాపీ చేసుకోండి. డేటాబేస్ యూజర్‌గా మారి ‘ఎక్స్‌ఆథ్ యాడ్’ అని కొట్టి, పక్కనే ఆ లైను పేస్ట్ చేయండి. తర్వాత డిస్‌ప్లేని అదే లోకల్‌హోస్ట్:10.0కి ఎక్స్‌పోర్ట్ చేయండి. డిస్‌ప్లేని చేత్తో రాయడానికి నేను ఒప్పుకునేది ఈ ఒక్క చోటే, అదీ ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చిన నంబరుని మార్చకుండా. బాష్‌ఆర్‌సీలో మాత్రం పెట్టొద్దు. రేపు లాగిన్ అయినప్పుడు అది 11 కావచ్చు, టోకెన్ కూడా మారిపోతుంది.

మీ ఆఫీసు ఒప్పుకుంటే ఇంకా తేలికైన దారి ఉంది. డేటాబేస్ యూజర్‌కి మీ ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టించుకుని నేరుగా ఆ పేరుతోనే మైనస్ క్యాపిటల్ ఎక్స్‌తో రండి. లాగౌట్ అయినా టెర్మినల్‌ని నడుస్తూ ఉంచే టీమక్స్ వాడేవాళ్లకీ ఇదే ముప్పు ఉంది. నిన్నటి టీమక్స్‌లోకి ఇవాళ తిరిగి వెళితే లోపల నిన్నటి డిస్‌ప్లే నంబరే ఉంటుంది. బయట ఒకసారి, లోపల ఒకసారి ఎకో చేసి పోల్చి చూడండి.

ప్రశ్న: విండోలు బాగానే వస్తాయి. కాసేపటికి కొత్త విండో తెరిస్తే రాదు. లాగౌట్ అయి మళ్లీ వస్తే పని చేస్తుంది. మాది ఉబుంటు కాదు. (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: గడియారం పెట్టుకుని చూడండి, ఆ కాసేపు సరిగ్గా 20 నిమిషాలై ఉంటుంది. మైనస్ క్యాపిటల్ ఎక్స్ అంటే ‘అవతలివాళ్లని పూర్తిగా నమ్మను’ అనే షరతుతో తెరవడం. ఆ షరతులో ‘ఫార్వర్డ్‌ఎక్స్11టైమౌట్’ అనే గడువు 20 నిమిషాలు. తర్వాత వచ్చే కొత్త కనెక్షన్లని ఎస్‌ఎస్‌హెచ్ తిప్పి పంపుతుంది. మీ లాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ గడువు పెంచుకోండి. మైనస్ క్యాపిటల్ వై వాడితే గడువే ఉండదు, కానీ అది అవతలి మెషీన్‌ని పూర్తిగా నమ్మడం. అక్కడ రూట్ పాస్‌వర్డ్ ఉన్న ఎవరైనా మీ ఎక్స్ విండోల్లోకి తొంగి చూడగలరు. మీ సొంత మెషీన్ అయితే వాడండి. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడ మైనస్ క్యాపిటల్ ఎక్స్ కూడా క్యాపిటల్ వై లాగే పని చేసేలా పెట్టి ఇస్తారు. మీకు ఈ 20 నిమిషాల ఇబ్బంది ఎదురు కాలేదంటే కారణం అదే.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను మేడమ్. విజయవాడలో మా నాన్నగారి డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసిచ్చాను. పాత ఆల్బమ్‌లన్నీ ఆయన స్కాన్ చేసి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ క్యాపిటల్ ఎక్స్‌తో అక్కడి గింప్ తెరిచి మరకలు తుడుద్దామంటే విండో రావడానికే నిమిషం పైన పడుతోంది. ఒక్కో మెనూకి మళ్లీ ఆగాలి. మధ్యలో వాళ్ల నెట్ పోతే చేసిందంతా పోతోంది. మైనస్ క్యాపిటల్ సి పెట్టి చూశాను, పెద్ద తేడా లేదు. పింగ్ 260 మిల్లీసెకన్లు.

జవాబు: మీ కాన్ఫిగ్‌లో తప్పేమీ లేదమ్మా, తప్పంతా ఆ 260లోనే, అంటే ఒక మాట వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయంలోనే ఉంది. ఎక్స్ ఊరికే బొమ్మ పంపి ఊరుకోదు. ఈ ఫాంట్ ఉందా, ఈ రంగు ఉందా, విండో ఎంత వెడల్పు అని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది. ఒకే గదిలోని రెండు మెషీన్ల మధ్య ఇది కంటికి తెలియదు. విజయవాడకీ డాలస్‌కీ మధ్య అలాంటి ప్రశ్నలు 300 నడిస్తే 78 సెకన్లు, ఇంకా బొమ్మ సంగతి లేకుండానే. క్యాపిటల్ సి పంపే మూటని చిన్నది చేస్తుంది గానీ దూరాన్ని తగ్గించదు.

అందుకని ఫొటోలనే మీ దగ్గరికి తెచ్చుకోండి. నాన్నగారు పడుకున్నాక ఫైళ్లు కాపీ చేసే ‘ఆర్‌సింక్’ పెట్టి వదిలేయండి. మధ్యలో నెట్ పోయినా, మళ్లీ నడిపితే పూర్తిగా వచ్చేసిన ఫొటోలని వదిలి మిగతావి తెస్తుంది. మరకలు మీ మెషీన్‌లోని గింప్‌లోనే తుడవండి. తుడిచినవి వేరే ఫోల్డర్‌లో పెట్టి వెనక్కి పంపండి. ఆయన స్కాన్ చేసిన అసలు ఫైళ్ల మీద మాత్రం ఏదీ రాయొద్దు. ఆ ఆల్బమ్ మళ్లీ ఒక్కో పేజీ విప్పి స్కాన్ చేయడం ఆయనకి ఎంత పనో నాకు తెలుసు.

అక్కడి ప్రోగ్రామే నడపక తప్పని రోజు ఎక్స్‌ప్రా వాడండి. రెండు వైపులా దగ్గర దగ్గర వెర్షన్లు వేసి, ‘ఎక్స్‌ప్రా స్టార్ట్’ పక్కన ఎస్‌ఎస్‌హెచ్ చిరునామా, ‘మైనస్ మైనస్ స్టార్ట్’తో ప్రోగ్రామ్ పేరు ఇస్తే చాలు. ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నలకి విజయవాడలోనే జవాబు దొరుకుతుంది, సముద్రం దాటి వచ్చేది బొమ్మ మాత్రమే. నెట్ పోయినా ప్రోగ్రామ్ అక్కడ నడుస్తూనే ఉంటుంది, ‘ఎక్స్‌ప్రా అటాచ్’ అంటే వదిలిన చోటే దొరుకుతుంది. నాన్నగారు “స్క్రీన్ మీద ఏదో వచ్చిందమ్మా” అని ఫోన్ చేసినప్పుడు మాత్రం మైనస్ క్యాపిటల్ ఎక్స్, ఎక్స్‌ప్రా రెండూ పనికిరావు. ఇవి మీకు కొత్త విండో తెరుస్తాయి గానీ ఆయన చూస్తున్నదాన్ని చూపించవు. దానికి ఆయన డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయించి, ఆ పోర్టుని రౌటర్‌లో తెరవకుండా, ఎస్‌ఎస్‌హెచ్ గొట్టంలోంచే తెచ్చుకోండి.